శనివారం క్లబ్బు ఆగలేదు: కరోనా కాలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుభవం

తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, 24న ఆరు నుంచి ఎనిమిది వరకు తెరిచారు. మార్చి 24న మళ్లీ మూసేశారు. ఆ తర్వాత పిల్లలు బెంచీల మీద కూర్చున్నది 2021 సెప్టెంబర్ 1నే. మధ్యలోని ఆ కొద్ది వారాలు తీసేస్తే దాదాపు ఏడాదిన్నర. పాఠాల కోసం దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్ 2020 సెప్టెంబర్ 1 నుంచి పనిచేశాయి. మేం టీచర్లం ఫోన్లు చేసి ఎవరు చూస్తున్నారో, ఎవరు చూడట్లేదో రాసుకునేవాళ్లం. ఆట, పాట, బొమ్మ, సైన్స్ క్లబ్బు, గోడ పత్రిక ఏమయ్యాయని మాత్రం పైనుంచి ఎవరూ అడగలేదు. అవి లేకపోయినా సంవత్సరం గడుస్తుందని అందరూ అనుకున్నారు.

మేం అలా అనుకోలేదు. నల్గొండ జిల్లాలోని మా హైస్కూల్లో శనివారం చివరి రెండు పీరియడ్లు ఏళ్లుగా వీటికే. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను, సైన్స్ క్లబ్బు నాది. తెలుగు సార్ గోడ పత్రిక, బాలసభ చూస్తారు. పీఈటీ సార్ ఖోఖోతో పాటు అమ్మాయిల కోలాటం టీమును కూడా నడుపుతారు. మా పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి వస్తారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమందిది వ్యవసాయం, కూలి. కొందరు పిల్లలకు ఇష్టంగా బడికి రావడానికి ఉన్న ఒకే కారణం శనివారం. అది ఆగిపోతే ఆ పిల్లలు పాఠాలకు కూడా దూరమవుతారని మా ముగ్గురికీ గట్టి నమ్మకం. ఏం నిలిచింది, ఎందుకు నిలిచింది, ఏది కుదరలేదు అన్నది మాలాంటి బళ్లలో పనిచేసేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఫోన్ ఎవరిది, ఏ వేళకు ఇంట్లో ఉంటుంది

మొదట అందరూ అన్నది ‘వాట్సాప్ గ్రూపు పెడదాం’ అనే. గ్రూపు కంటే ముందు మేం ఒక పట్టిక వేశాం. ఇంట్లో ఫోన్ ఉందా, అది కీప్యాడా స్మార్ట్‌ఫోనా, ఎవరి జేబులో ఉంటుంది, ఏ వేళకు ఇల్లు చేరుతుంది, రీఛార్జ్ ఎప్పుడు అయిపోతుంది, ఇవీ అందులోని గడులు. పాఠ్యపుస్తకాలు తీసుకోవడానికి తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడు మాస్కులు పెట్టుకుని వరండాలో నిలబడి అడిగి రాసుకున్నాం. సగానికి పైగా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, కానీ అది నాన్నదో అన్నదో. పగలంతా పొలంలోనో ఆటోలోనో ఉంటుంది. ఒక తల్లి చెప్పిన మాట అలాగే రాసుకున్నాను: "పొద్దుగాల పత్తి ఏరబోతం టీచర్, పొద్దుగూకినంకనే ఇంటికొస్తం. అప్పుడు ఫోన్ జేస్తే పిల్ల మాట్లాడ్తది."

మా పని వేళలు ఆ పట్టిక నుంచే తేలాయి. ఏ పనైనా వారానికి ఒకటే. అది శుక్రవారం రాత్రి ఏడు తర్వాత చేరాలి. వాట్సాప్ లేని ఇళ్లకు మామూలు ఫోన్ కాల్‌లో ఒకటిన్నర నిమిషంలో చెప్పగలిగేంత చిన్నదై ఉండాలి. చేయడానికి ఇంట్లో లేని వస్తువు ఏదీ కొనకూడదు. పిల్లవాడు ఒక్కడే చేసినా పూర్తి కావాలి, కానీ నలుగురూ చేసింది ఒకచోట కలిస్తే ఇంకా బాగుండాలి. ఈ ఆఖరి షరతే మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. క్లబ్బు అంటే కలిసి చేయడం. ఎవరింట్లో వాళ్లు విడివిడిగా చేసి ఫొటో పంపితే అది హోంవర్కే అవుతుంది.

దీనికి కాగితం మీద ఆధారం కూడా ఉంది. కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2020 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రత్యామ్నాయ అకడమిక్ క్యాలెండర్‌లో కళలు, వ్యాయామ విద్య ఉన్నాయి. ఇంటర్నెట్ లేని ఇళ్లకు ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్ ద్వారా చెప్పమని కూడా ఉంది. జులైలో కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు సెషన్లకు మించి ఆన్‌లైన్ క్లాసులు వద్దన్నాయి. పిల్లలు పగలు టీవీ ముందు కూర్చుంటున్నారు కాబట్టి క్లబ్బు పని తెర మీద ఉండకూడదని ముగ్గురం నిర్ణయించుకున్నాం. హెడ్మాస్టర్ గారు ఈ రెండూ చదివి వెంటనే ఒప్పుకున్నారు.

ఒక సంగతి మొదటి నెలలోనే గమనించాం. టీవీ పాఠం చూశావా అని ఫోన్ చేస్తే "బయటికి పోయిండు టీచర్" అన్న జవాబే ఎక్కువ. "నిన్న నువ్వు గీసిన పులి-మేక పటంలో ఒక గీత తక్కువుంది, చూశావా?" అంటే వాడే ఫోన్ లాక్కుని మాట్లాడేవాడు. ఆ మాటల్లో మాటగా పాఠం సంగతి కూడా అడిగేవాళ్లం.

సంచి పత్రిక

గోడ పత్రికకు గోడ లేదు. తెలుగు సార్ దాన్ని సంచిలో పెట్టి ఊరేగించారు. ఒక్కో ఊరికి ఒక్కో గుడ్డ సంచి, అందులో అట్ట వేసిన ఒక లాంగ్ నోట్‌బుక్. పెన్ను మాత్రం ఎవరిది వాళ్లదే. ఇంటికి ఒక పేజీ. రాశాక సంచిని ఒక రోజంతా ఎండలో తగిలించి, మర్నాడు పక్కింటికి ఇవ్వాలి. అప్పట్లో వస్తువుల మీద వైరస్ ఎంతసేపు ఉంటుందన్న భయం బాగా ఉండేది. ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్టపెట్టె మీద 24 గంటల వరకు గుర్తించారన్న పరిశోధన అంతకుముందే వచ్చింది. అందుకే ప్లాస్టిక్ కవరు వద్దన్నాం, ఒక రోజు ఆగమన్నాం. వస్తువులు ముట్టుకోవడం వల్ల వచ్చే ముప్పు చాలా తక్కువని తర్వాత తేలింది. అయినా ఆ ఒక రోజు విరామాన్ని తీసేయలేదు. ఆ రోజే ఇంట్లో పెద్దవాళ్లు పత్రిక తిరగేసేవాళ్లు.

ఊరి నుంచి ఊరికి సంచి ఎలా వెళ్లాలన్నది చిక్కు. పొద్దున్నే పాలకేంద్రానికి పాలు పోయడానికి అన్ని ఊళ్ల నుంచీ ఎవరో ఒకరు వస్తారు. సంచులు వాళ్ల చేతుల మీదుగా మారేవి.

మొదట కథ రాయండి, కవిత రాయండి అన్నప్పుడు పేజీలు బరువుగా కదిలాయి. సగం మంది పాఠ్యపుస్తకంలోని పద్యం ఎత్తి రాశారు. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ఆడిన ఆట ఒకటి రాయండి, ఎలా ఆడాలో బొమ్మ గీయండి’ అన్న వారం నుంచి సంచి వేగం పెరిగింది. అష్టాచమ్మా, వామనగుంటలు, కచ్చకాయలు, పులి-మేక వచ్చాయి. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు పులి-మేక పటం స్కేలు పెట్టి గీశాడు. మూడు పులులు, పదిహేను మేకలు ఎక్కడెక్కడ నిలవాలో రాశాడు. సంచి పక్కింటికి వెళ్లాక అక్కడి తాతగారు ఆ పటం చూసి, ఒక అడ్డగీత లేదని గుర్తుపట్టి పెన్సిల్‌తో గీసి, కింద తన పేరు రాశారు. రాసే అలవాటు పోయిన చెయ్యి కాబట్టి ఆ మూడక్షరాలే సగం పంక్తి పట్టాయి. ఆ పేజీని ఫొటో తీసి అన్ని ఊళ్లకూ పంపాం. తర్వాతి వారం నుంచి పిల్లల పేజీల చివర అమ్మమ్మలు, తాతలు సొంతంగా ఒక వాక్యం చేర్చడం మొదలైంది. చదువురాని వాళ్లు చెబితే పిల్లలు రాశారు.

నేను చూసినంతలో ఆ ఏడాదిన్నరలో ఎక్కువ మంది పిల్లలను చేరింది ఈ సంచే. ఫోన్ లేని పిల్లలకు కూడా వంతు వచ్చింది, వీడియో పనుల్లో అది జరగలేదు. ఇలాంటి కాలం మళ్లీ వస్తే ఏ బడిలోనైనా మొదలుపెట్టాల్సింది దీనితోనే అని నా అభిప్రాయం.

రెండు చుక్కల మధ్య దూరం

సైన్స్ క్లబ్బుకు 2020 డిసెంబర్ మంచి అవకాశం ఇచ్చింది. గురుడు, శని ఇరవై ఏళ్లకోసారి ఆకాశంలో దగ్గరికి వస్తాయి. ఈసారి డిసెంబర్ 21న డిగ్రీలో పదో వంతు దూరానికి రాబోతున్నాయి. 1623 తర్వాత ఆ రెండూ అంత దగ్గరికి రాలేదు. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. పొద్దుగూకాక నైరుతి వైపు ఖాళీ ఉన్న చోటు చాలు. మా ఊళ్లలో ఆకాశానికి కొదవ లేదు.

పని ఇది. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, చిటికెన వేలు అడ్డం పెట్టాలి. చాచిన చేతికి చిటికెన వేలు వెడల్పు ఇంచుమించు ఒక డిగ్రీ. చిన్నపిల్లలకు చెయ్యి పొట్టిదైతే వేలూ సన్నగానే ఉంటుంది, కాబట్టి లెక్క దాదాపు ఒకటే వస్తుంది. రెండు చుక్కల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో రోజూ తేదీ వేసి రాయాలి, అంతే. డిసెంబర్ 1 నాటికి రెండు వేళ్లకు కొంచెం ఎక్కువ. అక్కడి నుంచి దాదాపు పది రోజులకు ఒక వేలు చొప్పున తగ్గుతుంది. ఆ సంగతి మేం ముందే చెప్పలేదు.

మొదటి వారం ఫోన్లన్నీ తల్లుల నుంచే. "శనిని చూడొచ్చా టీచర్? పిల్లకు ఏమన్నా అయితదా?" అని ఒకామె చాలా భయంగా అడిగారు. ఆమెను కొట్టిపారేయకుండా, ఆ గ్రహం ఎంత దూరంలో ఉందో, రోజూ మన నెత్తి మీదుగానే వెళ్తూ ఉంటుందని, తెలిసీ తెలియక అందరం ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నామని చెప్పాను. తర్వాత వాళ్లింట్లో వేలు పెట్టి కొలిచింది ఆమే. కూతురు రాసుకుంది.

రోజూ వచ్చే అంకెలు ఒకేలా లేవు. ఒకరికి వేలున్నర, ఇంకొకరికి రెండు వేళ్లకు కాస్త తక్కువ. మబ్బు పట్టిన రోజు గడి ఖాళీ. మూడు ఊళ్ల పిల్లలు ఒకే రోజు కొలిచిన వాటిని కలిపి సగటు తీయడం, ఆ చుక్కలను గ్రాఫు కాగితం మీద పెట్టడం తొమ్మిదో తరగతి వాళ్లు తీసుకున్నారు. డిసెంబర్ 12న వాళ్లలో ఒక అమ్మాయి స్కేలు పెట్టి గీతను కిందికి పొడిగించి ఫోన్ చేసింది. "21 గాని 22 గాని కలుస్తాయి టీచర్" అంది. పేపర్లో చదివావా అని అడిగాను. "లేదు, గీత అక్కడ తగులుతుంది" అంది. సైన్స్ టీచర్‌గా నా ఉద్యోగంలో ఇలాంటి వాక్యాలు చాలా తక్కువ విన్నాను.

21వ తేదీ సాయంత్రం మామూలు కాన్ఫరెన్స్ కాల్ పెట్టాం. నాతో కలిపి ఒక్కో కాల్‌లో ఆరుగురం, ఊరికి ఒకరు. ఆ ఒక్కరి చుట్టూ దూరం దూరంగా నిలబడ్డ మిగతావాళ్లు. కీప్యాడ్ ఫోన్ స్పీకర్‌లో పెడితే సరిపోయింది. కొందరికి ఒకే పెద్ద చుక్క కనిపించింది, చూపు బాగా ఉన్నవాళ్లకు రెండుగానే విడివిడిగా కనిపించాయి. ఎవరిది సరైనదని పెద్ద వాదన నడిచింది. రెండు జవాబులూ సరైనవేనని, తేడా చూపు పదునులో ఉందని చెప్పేసరికి అందరూ ఇంట్లో వాళ్లను పిలిచి చూపించడం మొదలుపెట్టారు. ఏడున్నర దాటాక రెండూ చెట్ల వెనక్కి దిగిపోయేదాకా కాల్ కట్ చేయనివ్వలేదు.

ఇది ఎందుకు కుదిరిందని తర్వాత కూర్చుని మాట్లాడుకున్నాం. అందరూ చూసేది ఒకే వస్తువు. ఒకరి అంకె లేకపోతే ఆ రోజు సగటుకు లోటు, అంటే ప్రతి ఒక్కరూ అవసరమే. బహుమతి లేదు. ఈ మూడూ కలిసి ఉన్న పనులే పిల్లలు చివరిదాకా చేశారు. డ్రాయింగ్ పోటీ పెట్టినప్పుడు మొదటి వారం బాగా వచ్చి, గెలిచినవాళ్ల పేర్లు చెప్పిన మరుసటి వారం సగానికి పడిపోయింది. బడిలో అయితే ఓడిన పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాం. ఫోన్‌లో అది సాధ్యం కాదు.

కోలాటం, ఖోఖో

ఒకచోట చేరి పాడటం, ఆడటం జోలికి పోకూడదని మొదటే గీత గీసుకున్నాం. దానికి కారణం ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న ఒక బృందగానం సాధనకు 61 మంది వచ్చి రెండున్నర గంటలు పాడారు. వాళ్లలో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. ఖాయమైనవి, అనుమానితమైనవి కలిపి 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. గట్టిగా పాడినప్పుడు నోటి నుంచి వచ్చే తుంపర్ల గురించి దీని తర్వాతే అందరూ పట్టించుకున్నారు. మా కోలాటం పాడుతూ, ఎగురుతూ, గుండ్రంగా దగ్గర దగ్గరగా తిరిగే ఆట. ఇంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదు.

వీడియో కాల్‌లో కలిసి చేయడం కుదరదు. సెకనులో పదో వంతు ఆలస్యమైనా తాళం తప్పుతుంది, మా ఊరి సిగ్నల్‌కు అంతకంటే ఎక్కువే అవుతుంది. పీఈటీ సార్ దీన్ని ఇంకో రకంగా పట్టుకున్నారు. కోలాటంలో అసలు లెక్క జోడీది. కోల కోలకు తగలాలంటే ఎదురుగా ఒకరుంటే చాలు. ఇంట్లో అక్కో, చెల్లో, అమ్మో ఉంటారు. మా స్కూల్ డేకి ఏటా డోలక్ వాయించే కళాకారుడికి ఆ ఏడు జాతరలు లేవు, పెళ్లిళ్లు లేవు, పని లేదు. టీచర్లం తలాకొంత వేసుకుని ఆయనతో నాలుగు నడకలు (అడుగులు వేసే తాళాలు), ఒక్కోటి మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి వాయించి రికార్డు చేయించాం. అందరికీ ఒకే ఆడియో. ఫోన్ లేని ఇంటికి పక్కింటి ఫోన్ నుంచి వినిపించేవారు. వీడియో పంపాలనుకున్నవాళ్లు నిమిషం లోపే తీయాలి, వాట్సాప్‌లో 16 ఎంబీ దాటితే వెళ్లేది కాదు. పై నుంచి వేలాడే తాళ్లను జడలా అల్లుతూ ఆడే జడ కోలాటం లాంటివి గుంపు లేకుండా కుదరవు, వాటిని పూర్తిగా పక్కన పెట్టాం.

కోలలు లేని ఇళ్లలో తల్లులు కందికట్టెలు చెక్కి ఇచ్చారు. ఇంకో మేలు జరిగింది. ఎప్పుడూ స్టేజీ ఎక్కని తల్లులు కూతుళ్లకు జోడీ కట్టారు. వాళ్లలో కొందరికి మా అమ్మాయిలకు రాని పాత నడకలు వచ్చు. వాటిని కూడా రికార్డు చేసి పెట్టుకున్నాం.

ఖోఖోకు సార్ ఇటుకలు పెట్టించారు. ఏడడుగులకు ఒకటి చొప్పున ఎనిమిది ఇటుకలు వరసగా పెట్టి వాటి మధ్య జిగ్‌జాగ్ పరుగు, కూర్చున్న చోటు నుంచి చేతులు ఆన్చకుండా లేచి పరుగందుకోవడం, తాడు ఆట. ఇంట్లో ఎవరో ఒకరు ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. వాడలో పిల్లలు గుమికూడకుండా వాకిట్లోనో కల్లంలోనో చేయమన్నాం. ఖోఖో పిల్లల్లో ఎక్కువమంది పత్తి తీత రోజుల్లో ఆపేశారు. పొద్దంతా వంగి పత్తి ఏరిన పిల్లవాణ్ని సాయంత్రం పరుగెత్తమనడం న్యాయం కాదని సార్ వాళ్లను అడగడం మానేశారు. నాకు అదే సబబు అనిపించింది.

బడి పిల్లలకు కేంద్రం జరిపే కళల పోటీ కళా ఉత్సవ్‌ను ఆ ఏడాది 2021 జనవరిలో ఆన్‌లైన్‌లోనే పెట్టారు. తొమ్మిది విభాగాల్లో స్థానిక ఆటవస్తువులు, ఆటలు కూడా ఒకటి. ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు తాటాకుతో, వెదురుతో చేసినవి వీడియో తీశారు. అంతకు మించి దాని మీద సమయం పెట్టలేదు.

ఆపిన వారాలు

2021 ఏప్రిల్ చివరి నుంచి మా ఊళ్లలో ఇంటికొకరు మంచాన పడ్డారు. మే 12న లాక్‌డౌన్ వచ్చింది. కొన్ని ఇళ్లలో మనుషులు పోయారు. అప్పుడు క్లబ్బు పనులన్నీ ఆపేశాం. సంచులు ఎక్కడివక్కడ ఉంచమన్నాం. శుక్రవారం రాత్రి ఫోన్ మాత్రం ఆపలేదు, ఎలా ఉన్నారు, ఏమన్నా కావాలా అని అడగడానికే. కొందరు పిల్లలు తామే "ఈ వారం పనేంది టీచర్?" అని అడిగారు. అలాంటి వాళ్లకు ఏదో ఒకటి చెప్పాం, ఇంట్లో ఆపద ఉన్నవాళ్లకు ఏమీ చెప్పలేదు. కార్యక్రమం ఆగకూడదన్న పట్టుదల ఎంత మంచిదైనా, జ్వరంతో ఉన్న తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాణ్ని బొమ్మ గీయమని అడగకూడదు. జులైలో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక సంచులు మళ్లీ కదిలాయి.

ఇటుక బట్టీలకు తల్లిదండ్రులతో వెళ్లిపోయిన పిల్లలు మాకు అందలేదు. ఫోన్ నంబర్లు మారిపోయాయి, సంచి వెళ్లే దారి లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిల్లో ఇద్దరికి పెళ్లి మాటలు నడుస్తున్నాయని కోలాటం ఫోన్లలోనే తెలిసింది. వాళ్లు ఆడియో అడగడం మానేశారు, జోడీగా ఉన్న చెల్లెళ్లు చెప్పారు. హెడ్మాస్టర్ గారు, అంగన్‌వాడీ టీచర్ కలిసి వెళ్లి మాట్లాడారు. ఒకటి ఆగింది, ఇంకొకటి ఆగలేదు.

బడి తెరిచాక

ఫిబ్రవరిలో కొద్ది వారాలు తెరిచినప్పుడు ప్రార్థన సమావేశాలు, ఆటలు పెట్టడానికి వీల్లేదు. వేపచెట్టు కింద మాస్కులతో, దూరం దూరంగా సంచి పత్రికలు చదివించాం. పాట లేదు. సెప్టెంబర్ తర్వాత కోలాటం టీము ఆరుబయట మొదటిసారి కలిసినప్పుడు, విడివిడిగా నేర్చుకున్న నడకలు ఒకే ఆడియో మీద నేర్చుకున్నవి కాబట్టి చాలా త్వరగా కుదిరాయి. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలకు మాత్రం గుండ్రంలో తిరగడం మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. ఎదురుగా ఒక్కరితోనే ఆడిన అలవాటుతో పక్కవాళ్లను గుద్దుకునేవారు.

ఇప్పుడు గోడ పత్రిక గోడ మీదికి వచ్చింది, సంచి కూడా ఉంది. నెలకొకసారి ఊళ్లకు వెళ్లొస్తుంది. వీడియోలు పంపించుకోవడం మానేశాం. ఫోన్ పట్టికను ప్రతి జూన్‌లో అడ్మిషన్ల సమయంలోనే నింపుతున్నాం, దసరా సెలవుల ముందు మారిన నంబర్లు సరిచేస్తున్నాం. బట్టీలకు వెళ్లే కుటుంబాల నుంచి అక్కడి మేస్త్రీ నంబరు కూడా ఇప్పుడు తీసుకుంటున్నాం. ఈ పని చేయాలనుకునే బళ్లు ఆ గడిని మర్చిపోకండి.